మోటారు జోరు లేని దారుల్లో సైకిలు: తీరం నుంచి పల్లె దాకా

దేశంలో 2022లో జరిగిన రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. మొత్తం రహదారుల పొడవులో జాతీయ రహదారుల వాటా రెండు శాతమే. అయినా ఈ మరణాల్లో 36 శాతం వాటిపైనే సంభవించాయి. మృతుల్లో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవారు. రహదారి అంచున, తెల్లగీతకు అవతల మిగిలిన జానెడు జాగాలో ఈ పాదచారులతో పాటు సాగేవాడే సైకిలు ప్రయాణికుడు. అతని చుట్టూ ఇనుప కవచం ఉండదు. వెనుక నుంచి వచ్చే లారీని చూపే అద్దమూ ఉండదు.

సైకిలు పాతబడిన వస్తువన్న భావన నగరాల్లో కనిపిస్తుంది గాని, లెక్కలు అలా చెప్పవు. 2011 జనగణన ప్రకారం దేశంలో వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో సుమారు 13 శాతం మంది సైకిలుపైనే వెళ్లేవారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, అంటే 2019-21లో, దేశంలోని సగం ఇళ్లలో సైకిలు ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో అది సుమారు 70 శాతం. సైకిలు ఉన్న ఇల్లు ఇంత విరివిగా ఉన్న దేశంలో సైకిలుకంటూ ఒక దారి ఎందుకు అరుదైంది? అలాంటి దారిని ఎన్ని విధాలుగా ఏర్పరచవచ్చు? తెలుగు నేలపై ఇప్పటిదాకా జరిగింది ఏమిటి?

కోటా చెప్పే పాఠం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు వెళ్లే రైలు మార్గంలో, బిలాస్‌పూర్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరాన కోటా పట్టణం ఉంది. రైల్వే పటంలో ఈ స్టేషను పేరు కర్గీ రోడ్. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాలు స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఆ నగరమే కేంద్రస్థానమైంది. చుట్టూ వరి పొలాలు, ఉత్తరాన మైకల్ కొండలు, వాటి ఒడిలో అచానక్‌మార్ అడవి. పటంపై చూస్తే సైకిలు యాత్రకు ఇంతకన్న అనువైన చోటు ఉండదనిపిస్తుంది.

అయితే పటంలో పచ్చగా కనిపించిన ప్రతి దారీ సైకిలు దారి కాజాలదు. కోటా నుంచి అమర్‌కంటక్ వైపు సాగే అటవీ మార్గం అచానక్‌మార్ గుండా పోతుంది. 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల అభయారణ్యంగా ప్రకటితమైన ప్రాంతమిది. ఇలాంటి చోట వాహనాల రద్దీ తగ్గినంత మాత్రాన దారి సైకిలుకు సురక్షితమైందని అనుకోరాదు. ఆ దారిపై మొదటి హక్కు వన్యప్రాణులది. అక్కడి ప్రవేశ నియమాలు, వేళలు అటవీశాఖ నిర్ణయించేవి. రద్దీ లేకపోవడం, సురక్షితంగా ఉండటం వేర్వేరు సంగతులని కోటా చెప్పే మొదటి పాఠం.

రెండో పాఠం పల్లె రోడ్లది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద దేశవ్యాప్తంగా ఏడు లక్షల కిలోమీటర్లకు పైగా గ్రామీణ రహదారులు నిర్మితమయ్యాయి. వీటిలో అధిక భాగం 3.75 మీటర్ల వెడల్పు గల ఒంటి వరుస తారు రోడ్లు. రోజంతా కలిపి వీటిపై తిరిగే వాహనాలు తక్కువ. కోటా వంటి పట్టణం చుట్టూ ఉన్న ఊళ్లకు పోయేవి ఇలాంటి రోడ్లే. కొత్తగా ఒక్క మీటరు దారి వేయకుండానే వీటిని గొలుసుకట్టుగా కలిపి, సూచిక ఫలకాలు పెడితే ఒక సైకిలు మార్గం సిద్ధమవుతుంది. చిక్కంతా ఆ గొలుసు జాతీయ రహదారిని దాటే చోట, లేదా కిలోమీటరో రెండు కిలోమీటర్లో దాని వెంట నడవవలసి వచ్చే చోట ఉంది. ప్రమాదం ఎప్పుడూ ఆ కొద్దిపాటి దూరంలోనే పొంచి ఉంటుంది. మార్గమంతా ఎంత ప్రశాంతంగా ఉన్నా, ఆ ఒక్క కూడలిని దాటలేని పిల్లను తల్లిదండ్రులు సైకిలుపై పంపరు.

నాలుగు పద్ధతులు

మోటారు రద్దీ నుంచి సైకిలును తప్పించే మార్గాలు ప్రపంచమంతటా ప్రధానంగా నాలుగు.

మొదటిది, వేరు దారి: రోడ్డు పక్కనే గాని, దూరంగా గాని సైకిలుకు మాత్రమే కేటాయించిన బాట. దీనికి నేల కావాలి, డబ్బు కావాలి.

రెండోది, వేళ కట్టడి: రోజూ కొన్ని గంటలో, వారంలో ఒక పూటో ఉన్న రోడ్డునే మోటారు వాహనాలకు మూసివేయడం. దీనికి అడ్డుకట్టలు, పోలీసులు, నిబంధనను పాటించే అలవాటు చాలు.

మూడోది, నెమ్మది దారి: వాహనాలను పూర్తిగా నిషేధించకుండా, దూరప్రయాణపు వాహనాలు అటు రాకుండా మళ్లించి, స్థానికుల బండ్ల వేగాన్ని తగ్గించడం. పల్లె రోడ్లకు తగినది ఇదే.

నాలుగోది, పాత దారికి కొత్త బతుకు: మూతపడిన రైలు మార్గాలను, కాలువ గట్లను సైకిలు బాటలుగా మార్చడం.

ఏ చోట ఏది తగునో తేల్చేది వేగమే. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదపు ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఢీకొన్నప్పటి కంటే 65 కిలోమీటర్ల వేగంతో ఢీకొన్నప్పుడు పాదచారి మరణించే అవకాశం నాలుగున్నర రెట్లని కూడా అదే సంస్థ పేర్కొంది. అందువల్ల వాహనాలు నెమ్మదిగా సాగే ఊరి వీధిలో సైకిలు వాటితో కలిసి పోవచ్చు. వేగం పెరిగిన రహదారిపై మాత్రం విడి బాట తప్పనిసరి. రంగు గీత ఒక్కటే గీసి దాన్ని సైకిలు దారి అనడం వల్ల ఒరిగేది లేదు.

హైదరాబాద్: ఎండకు కప్పు, సూర్యునితో కరెంటు

మొదటి పద్ధతికి తెలుగు రాష్ట్రాల్లో ప్రముఖ ఉదాహరణ హైదరాబాద్ బాహ్య వలయ రహదారి వెంబడి ఉన్న 'హెల్త్‌వే'. 158 కిలోమీటర్ల ఆ వలయ రహదారిపై ద్విచక్ర వాహనాలకే ప్రవేశం లేదు. సైకిలు మాట చెప్పనక్కరలేదు. దాని పక్కన ఖాళీగా ఉన్న స్థలంలో 23 కిలోమీటర్ల సైకిలు బాటను నిర్మించి 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుంచి తెలంగాణ పోలీసు అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు. వెడల్పు నాలుగున్నర మీటర్లు, మూడు వరుసలు.

ఈ బాట ప్రత్యేకత దాని కప్పు. అధిక భాగంపై సౌర ఫలకాలను పరిచారు. వాటి ఉత్పాదక సామర్థ్యం 16 మెగావాట్లు. ఎండలు మండే మన ప్రాంతంలో సైకిలు బాటకు నీడ అత్యవసరమైన హంగు. డచ్చి దేశపు నమూనాలో వానకు, చలికి జవాబు ఉంటుంది గాని, ఏప్రిల్ మధ్యాహ్నానికి ఉండదు. నీడ లేని బాట తెల్లవారుజామున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే పనికొస్తుంది. పగలంతా పనికి, చదువుకు వెళ్లేవారికి అది లేనట్టే.

ఇక్కడే ఒక ప్రశ్న తలెత్తుతుంది. నగరం అంచున ఉన్న ఈ బాట వ్యాయామానికి, విహారానికి చక్కగా అమరింది. దానికి పార్కింగు స్థలాలు కూడా ఏర్పాటు చేశారు. సైకిలును కారుపై వేసుకొచ్చి తొక్కేవారికి అవి అవసరమే. అదే సమయంలో, తెల్లవారకముందే పాల డబ్బాలతోనో, తాపీ పనిముట్లతోనో సైకిలెక్కే మనిషి నగరం నడిబొడ్డున బస్సుల మధ్యనే సాగుతున్నాడు. సైకిలు బాటను ఎంత బాగా కట్టామన్నది ఒక కొలమానం. అది ఎవరి రోజువారీ ప్రయాణాన్ని కలుపుతోందన్నది అంతకన్న ముఖ్యమైన కొలమానం.

తీరం వెంట: వేళ కట్టడి

రెండో పద్ధతికి సముద్ర తీరాలు పెట్టింది పేరు. పుదుచ్చేరిలో గుబేర్ అవెన్యూ అని పిలిచే బీచ్ రోడ్డును రోజూ సాయంత్రం 6 గంటల నుంచి మరునాడు ఉదయం 7.30 దాకా మోటారు వాహనాలకు మూసివేస్తారు. పగలు అది మామూలు రోడ్డు. చీకటి పడే వేళకు ఊరి వారందరి వాకిలి. విశాఖపట్నం రామకృష్ణా బీచ్ రోడ్డులోనూ తెల్లవారుజామున వాహనాలను ఆపి నడిచేవారికి, పరుగెత్తేవారికి, సైకిళ్లకు వదిలే ఆనవాయితీ ఉంది. అదే రోడ్డు ఉత్తరాన రుషికొండ మీదుగా భీమునిపట్నం దాకా సాగుతుంది. ఒక వైపు సముద్రం, మరో వైపు కొండలు. ఇంతటి దారిలోనూ సైకిలుకు భరోసా ఆ కొద్ది గంటలదే, ఆ కొద్ది దూరానిదే.

వేళ కట్టడికి ప్రపంచంలో ఆదర్శంగా నిలిచింది కొలంబియా రాజధాని బొగోటా. 1974లో మొదలైన అక్కడి 'సిక్లోవియా' కింద ఆదివారాలు, సెలవు దినాల్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లను జనానికి వదిలేస్తారు. మన దేశంలో గురుగ్రామ్‌లో 2013 నవంబరులో ప్రారంభమైన 'రాహ్‌గిరి' ఈ కోవలోనిదే. హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌పై 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు వాహనాలను నిలిపివేసి సందర్శకులకు వదిలారు. ఈ పద్ధతిలో ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది. జనం ఆ రుచి మరిగితే శాశ్వతమైన బాట కోసం అడుగుతారు. కాని ఆదివారపు దారి సోమవారం బడికి చేర్చదు. ఈ పరిమితిని మరువరాదు.

పల్లె దారి: కాలువ గట్టు

గోదావరి, కృష్ణా డెల్టాల్లో సైకిలుకు ప్రకృతి ఇచ్చిన వరం సమతల నేల అయితే, మనిషి ఇచ్చిన వరం కాలువ గట్టు. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పారాయి. కృష్ణపై విజయవాడ వద్ద 1855 నాటికి మరో ఆనకట్ట లేచింది. ఏలూరు కాలువ ఈ రెండు డెల్టాలనూ కలిపింది. ఆ కాలువలు పొలాలకు నీరిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. పడవలను గట్టుపై నుంచి తాళ్లతో లాగుకుంటూ పోయిన రోజులు అవి.

కాలువ నీరు నెమ్మదిగా పారాలి కనుక దాని వాలు అతి స్వల్పం. గట్టూ అదే వాలును అనుసరిస్తుంది. కనుక మైళ్ల తరబడి తొక్కినా ఎగుడు ఉండదు. చాలాచోట్ల గట్ల వెంట కొబ్బరి చెట్లు, తాడి చెట్లు ఉన్నాయి. ఊరూ ఊరూ కాలువ వెంబడే వెలసినందున టీ కొట్టుకో, మంచినీళ్లకో వెతుక్కోనక్కరలేదు. సైకిలు బాటకు ఇంజనీరు కోరుకునే లక్షణాలన్నీ నూటడెబ్భై ఏళ్ల క్రితమే అక్కడ అమరాయి.

లోపాలూ ఉన్నాయి. నీటి వైపు అడ్డుగోడ లేని గట్టు రాత్రివేళ ప్రమాదకరం. వరి కోతల కాలంలో ట్రాక్టర్లు, చేపలు, రొయ్యల చెరువుల ప్రాంతంలో సరకు లారీలు గట్లపైకే వస్తాయి. ఒక గట్టును బండ్లకు, రెండో గట్టును సైకిళ్లకు, నడకకు కేటాయించడం సాధ్యమైన చోట్ల అదే తేలిక పరిష్కారం. గట్టు మొదట్లో ట్రాక్టరు దూరకుండా, సైకిలు దూరేలా రెండు దిమ్మెలు నాటితే చాలు. అయితే గట్టు జలవనరుల శాఖది, దానిపై రోడ్డు పంచాయతీరాజ్‌దో, రోడ్లు భవనాల శాఖదో. ఈ శాఖలు ఒక మాటపైకి రావడం దిమ్మెలు నాటడం కన్న కష్టం.

పట్టాలు పోయిన చోట

రైలు ఇంజను నిట్టనిలువు ఎక్కలేదు. మైదానాల్లో రైలు మార్గపు ఎత్తు సాధారణంగా వంద మీటర్లకు ఒక మీటరుకు మించి పెరగదు. అందుకే మూతపడిన రైలు కట్ట సైకిలుకు సహజమైన బాట. ఇంగ్లాండులో బ్రిస్టల్, బాత్ నగరాల మధ్య మూతపడిన రైలు మార్గంపై 1979-86 మధ్య స్వచ్ఛంద కార్యకర్తలు బాట పరిచారు. ఆ దేశపు జాతీయ సైకిలు దారుల వ్యవస్థకు అది నాంది అయింది. ఐర్లండులో 1937లో మూతపడిన వెస్ట్‌పోర్ట్-అకిల్ రైలు మార్గం ఇప్పుడు అట్లాంటిక్ తీరం వెంట 42 కిలోమీటర్ల సైకిలు దారి. స్పెయిన్‌లో 1993 నుంచి 'పచ్చదారులు' అనే పేరుతో ఇదే పని సాగుతోంది.

మన దేశంలో రైలు మార్గాలు మూతపడటం తక్కువ. కోటా మీదుగా సాగే మార్గం బొగ్గు రైళ్లతో నిత్యం కిటకిటలాడేదే. చిన్న గేజి లైన్లను ఎక్కువగా పెద్ద గేజికి మార్చారు. తొలగించిన చోట కూడా ఆ నేల సైకిలుకు దక్కలేదు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో ధమ్‌తరీ వైపు పోయే చిన్న గేజి లైను నగరం లోపల తొలగించారు. దాని స్థలంలో లేచింది కార్ల కోసం కట్టిన ఎక్స్‌ప్రెస్‌వే.

ఈ నేపథ్యంలో రాజమహేంద్రవరం హేవలాక్ వంతెనకు ప్రాధాన్యం ఉంది. 1900లో ప్రారంభమై, మద్రాసు-హౌరాలను కలిపిన ఈ 56 ఖానాల గోదావరి వంతెనపై 1997లో రైళ్లు ఆగిపోయాయి. అప్పటి నుంచి దాన్ని తుక్కుగా అమ్మాలా, నిలపాలా అన్న చర్చ ఏళ్ల తరబడి నడిచింది. చివరకు 'అఖండ గోదావరి' పర్యాటక పథకంలో భాగంగా వంతెనను పునరుద్ధరించేందుకు 2025 జూన్ 26న శంకుస్థాపన జరిగింది. పథకం వ్యయం 94.44 కోట్ల రూపాయలు. రెండున్నర కిలోమీటర్లకు పైగా నది మీదుగా, ఒక్క మోటారు బండి కూడా రాని దారి ఇది. విహార స్థలంగానే మిగులుతుందా, ఉభయ గోదావరి తీరాల ప్రజలు రోజూ సైకిలుపై దాటే వంతెన కూడా అవుతుందా అన్నది దానిపై ఏర్పరిచే బాట వెడల్పు, వేళలు, ప్రవేశ రుసుములను బట్టి తేలుతుంది.

కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఒక ఎత్తు

ఉత్తరప్రదేశ్‌లో ఇటావా నుంచి ఆగ్రా దాకా 207 కిలోమీటర్ల సైకిలు రహదారిని 2016 నవంబరులో ప్రారంభించారు. ఆసియాలో తొలి సైకిలు హైవేగా దానికి పేరొచ్చింది. పొలాల మధ్య, ఊళ్ల పక్కన సాగిన ఆ దారిలో తర్వాతి ఏళ్లలో చాలాచోట్ల ఆక్రమణలు, గుంతలు కనిపించాయి. బాటపై పిడకలు ఆరబెట్టడం, బండ్లు నిలపడం మొదలైతే సైకిలు మళ్లీ రోడ్డుకెక్కుతుంది. సైకిలు దారికి వార్షిక నిర్వహణ నిధి, బాధ్యత గల ఒకే అధికారి, ఆక్రమణను ఆ వారమే తొలగించే ఏర్పాటు లేకుంటే ఎంత ఖర్చు పెట్టినా నిలవదు.

నగరాల స్థాయిలో కొంత కదలిక ఉంది. కేంద్ర పట్టణ వ్యవహారాల మంత్రిత్వశాఖ 2020లో చేపట్టిన 'సైకిల్స్ ఫర్ చేంజ్' పోటీలో వందకు పైగా నగరాలు పాల్గొన్నాయి. మరుసటి ఏడాది ఎంపికైన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. పల్లెలకు ఇలాంటి కార్యక్రమం కొరవడింది. సైకిళ్లు ఎక్కువగా ఉన్నది మాత్రం పల్లెల్లోనే.

ఎవరి కోసం ఈ దారి

సైకిలు దారుల చర్చలో వ్యాయామం, పర్యాటకం ముందు వరుసలో నిలుస్తాయి. అసలు పణంగా ఉన్నది మరొకటి. బీహార్‌లో 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిలు పథకం మొదలైంది. దానిపై కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ జరిపిన అధ్యయనం 2017లో ప్రచురితమైంది. ఆ పథకం వల్ల బాలికల చేరికలు 32 శాతం పెరిగాయని, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందని వారు తేల్చారు. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్లలో ఫలితం మరింత ప్రస్ఫుటం. ఛత్తీస్‌గఢ్‌లో సరస్వతీ సైకిల్ యోజన, ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పథకం కూడా బాలికలకు సైకిళ్లు అందించాయి. ప్రభుత్వం ఆ పిల్లకు సైకిలు ఇచ్చింది. అది సాగవలసిన దారిని మాత్రం లారీలకే వదిలింది.

నెదర్లాండ్స్ ఈ వైరుధ్యాన్ని ముందే చూసింది. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది మరణించారు. వారిలో 400 మందికి పైగా చిన్నారులు. పిల్లల హత్యలు ఆపండి అనే నినాదంతోనే తల్లిదండ్రులు వీధికెక్కారు. నేడు ప్రపంచం ముచ్చటపడే డచ్చి సైకిలు దారులకు ఆ ఉద్యమం ఒక ముఖ్యమైన పునాది. అక్కడ కూడా దారులు ఆకాశం నుంచి ఊడిపడలేదు.

ఒక ఊరు మొదలుపెట్టాలంటే

పెద్ద పథకం కోసం వేచి ఉండనక్కరలేదు. ఉన్నత పాఠశాలకు సైకిలుపై వచ్చే పిల్లలు ఏ ఊళ్ల నుంచి, ఏ దారిన వస్తున్నారో ఉపాధ్యాయులు ఒక్క ఉదయం లెక్క రాస్తే చాలు, మార్గం దానంతట అదే పటంపై కనిపిస్తుంది. ఆ మార్గంలో భయపడే చోటేదో పిల్లలే చెబుతారు. ఎక్కువసార్లు అది ఒక కూడలి, ఒక వంతెన, లేదా రహదారి వెంట ఒక చిన్న ముక్క. అక్కడ వేగనిరోధకాలు, దీపం, విడి బాట కోసం గ్రామసభలో తీర్మానం చేసి సంబంధిత శాఖకు పంపవచ్చు. కాలువ గట్టున్న ఊరిలో ఏ గట్టును బండ్లకు మూయాలో రైతులతో మాట్లాడి తేల్చుకోవచ్చు. కోత కాలంలో మాత్రం తెరిచే ఏర్పాటు ఉంటే వారికీ అభ్యంతరం ఉండదు. దారి వెంట చెట్లు నాటే పని ఉపాధి హామీ కింద చేపట్టవచ్చు.

ఈ మార్గాల్లో ప్రయాణించదలచిన యాత్రికులకు కూడా కొన్ని జాగ్రత్తలు అవసరం. సూర్యోదయానికి బయలుదేరి ఎండ ముదిరేలోగా చేరేలా దూరాన్ని నిర్ణయించుకోవాలి. వెనుక ఎర్రదీపం, తలకు హెల్మెట్ తప్పనిసరి. వర్షాకాలంలో కాలువ గట్టు జారుతుంది, చీకటి పడ్డాక అటు పోరాదు. అటవీ మార్గమైతే గేటు వద్ద అనుమతి అడిగి తెలుసుకోవాలి. కళ్లంలో ధాన్యం ఆరబోసిన చోట, పశువులు దాటే చోట దిగి నడవాలి. యాత్రికుడికి అది ఒక ఉదయపు దారి. అక్కడి వారికి అది నిత్యం నడిచే బాట.